రెండు ధరల మధ్య సంహిత

అద్దంలో హెడ్‌లైట్లు!

ఇందాకటి ట్రక్కే. నల్లటిది. నంబర్ ప్లేట్ లేదు.

సంహిత లేన్ మారుతుంది.

ట్రక్కూ మారుతుంది!

చలికాలం. ఆఫీసులు వదిలే వేళకే చీకటి పడిపోయింది. హైవే 114 నిండా ఎర్ర లైట్లు. ఈ ట్రాఫిక్కే ఇప్పటిదాకా ఆమెని బతికించింది.

డ్యాష్‌బోర్డ్ మీద ఫోన్. స్క్రీన్ రెండు ముక్కలుగా ఉంది. పైన సివిక్‌బెట్. కింద రావెన్.

రెండూ పందేల సైట్లే. ప్రెసిడెంట్ పదవికి పోటీ చెయ్యడానికి పార్టీ నామినేషన్ ఎవరికిస్తుంది? రెండు చోట్లా ఒకటే ప్రశ్న. రెండు చోట్లా గవర్నర్ మార్లోనే ముందున్నాడు. గెలుస్తాడని నూటికి అరవై. అదే పందెం ధర.

ఆ రెండు ధరల్నీ పక్కపక్కన పెట్టి పోల్చడమే లాస్ కొలినాస్ ఆఫీస్‌లో సంహిత ఉద్యోగం.

సివిక్‌బెట్‌కి లైసెన్స్ ఉంది. వార్త వచ్చాక కదులుతుంది.

రావెన్‌లో ఎవరి పేరూ అడగరు. అది వార్తకి ముందే కదులుతుంది!

మార్లో మనుషులే లోపలి సంగతుల మీద పందేలు కాస్తున్నారని సంహితా, తోటి ఉద్యోగి ఆర్యనూ కలిసి పట్టుకున్నారు.

పోయిన వారం ఆర్యన్ కారు ఫ్లైఓవర్ మీంచి పడింది. యాక్సిడెంట్ అన్నారు పోలీసులు.

కారు పడకముందే రావెన్‌లో మార్లో ధర లేచింది.

ఇక మిగిలింది సంహిత ఒక్కతే. డౌన్‌టౌన్‌లో ఫెడరల్ లాయర్లు ఆమె కోసం కూర్చున్నారు. ఆమె నోరు విప్పితే మార్లో పని అయిపోయినట్టే. చేరకపోతే... నామినేషన్ తేల్చే రేపటి ప్రైమరీ ఎన్నిక అతనిదే.

అరవై కాస్తా డెబ్భై అయింది. రావెన్‌లో మాత్రమే!

తను ఎక్కడుందో ఎవడికో తెలుస్తోంది.

ఫోన్ మోగింది. అమ్మ. ఇంటి నుంచి.

"ఎక్కడిదాకా వెళ్లావే తల్లీ?"

"అమ్మా, నేను సాక్ష్యానికి వెళ్తున్నట్టు ఎవరికైనా చెప్పావా?"

"నేనెవరికి చెప్తానే? మన పారాయణం గ్రూప్‌లో పెట్టానంతే. పిల్ల గవర్నమెంట్ వాళ్ల దగ్గరికి సాక్ష్యం చెప్పడానికి వెళ్తోంది, తలా ఓసారి హనుమాన్ చాలీసా చదవండీ అని."

"నేను పంపిన మ్యాప్ లింక్?"

"అది కూడా పెట్టా. నువ్వెక్కడున్నావో చూస్తూ చదువుతారు కదా! ఎంతమంది దణ్ణాలు పెట్టారో తెలుసా?"

కాలేజీ రోజుల నుంచీ అలవాటు. కారెక్కగానే అమ్మకి లింక్ పంపడం!

ట్రాఫిక్ ఆగింది. గ్రూప్ తెరిచింది. వరసగా దణ్ణాలు.

వాటి కింద... 'ఎప్పటికి చేరుతుందండీ?' అని ఒకాయన. 'దారిలో ట్రాఫిక్ బాగా ఉందా?' అని ఇంకొకాయన. ఇద్దరూ నెలకోసారి భజనకి వచ్చి పక్కన కూర్చునేవాళ్లే.

రావెన్ డెబ్భై రెండు. డెబ్భై మూడు.

దణ్ణం పెట్టిన వేలితోనే పందెం!

ఛీ! లింక్ కట్ చేసి పారేసింది.

మళ్లీ ఫోన్.

"అమ్మా, నేను, వీరభద్రరావు అంకుల్‌ని. గ్రూప్ చూశాను. మీ అమ్మకి బుద్ధి లేదు. ఎక్కడున్నావ్?"

పక్క ఊరు కాపెల్‌లో ఉంటారు. రిటైరైన గుండె డాక్టర్. నాన్నకి ఆపరేషన్ చేసింది ఈయనే.

"ఇర్వింగ్ దగ్గర అంకుల్... నా వెనక ఎవరో పడ్డారు!"

"ఇండియన్ గ్రోసరీ వెనక, సరుకు దించే చోటుంటా. నీ కారు అక్కడ పడేసి నాది ఎక్కు."

చివరి క్షణంలో స్టీరింగ్ తిప్పింది. మూడు లేన్లు అడ్డంగా కోసేసింది. ఎవడో బూతులు తిట్టాడు. ఎగ్జిట్!

ట్రక్ ముందుకి కొట్టుకుపోయింది.

గ్రోసరీ వెనక కుళ్లిన కొత్తిమీర కంపు. తడిసిన అట్టపెట్టెలు. అంకుల్ కారు రెడీగా ఉంది. ఎక్కింది. తలుపు వేసేలోపే కదిలింది.

"కిందికి వంగి కూర్చో. నీ మొహం చూస్తే బీపీ రెండొందలు దాటినట్టుంది."

నవ్వొచ్చింది. ఏడుపూ వచ్చింది.

"వీళ్లు మనుషులేనా అంకుల్? నా ప్రాణం మీద పందెమా?"

"ఏం చేస్తాం అమ్మా... రిటైరయ్యాక తోచదు వాళ్లకి. నువ్వు మాత్రం ఎవరికీ ఫోన్ చెయ్యకు."

వీధి దీపాలు వెనక్కి పోతున్నాయి. ఊపిరి కుదుటపడుతోంది.

అలవాటు కొద్దీ స్క్రీన్ చూసింది.

సివిక్‌బెట్ అరవై దగ్గరే ఉంది.

రావెన్... ఎనభై. ఎనభై ఐదు!

లింక్ లేదు. అమ్మకి చెప్పలేదు. తను ఈ కారులో ఉన్నట్టు ప్రపంచంలో తెలిసింది ఒక్కరికే.

నెమ్మదిగా తల ఎత్తింది. డౌన్‌టౌన్ వెలుగులు... వెనక్కి పోతున్నాయి!

"ఎంత కాశారంకుల్?"

ఆయన యాక్సిలరేటర్ ఇంకాస్త తొక్కాడు.

"మిమ్మల్నే!"

"ఈ ఒక్క రాత్రే అమ్మా." గొంతు మెత్తగా ఉంది. పేషెంట్‌తో మాట్లాడే గొంతు. "మా గెస్ట్ రూమ్‌లో పడుకో. శారద ఆంటీ వేడిగా చారన్నం పెడుతుంది. ప్రైమరీ అయిపోయాక నేనే దింపుతా. నీకు గీత కూడా పడదు."

చారన్నం!

"ఎవరు చెప్పారు గీత పడదని?"

"వాళ్లే. పొద్దున మా ఇంటికొచ్చారు. కాఫీ తాగారు. కాస్త లేటు చేస్తే చాలన్నారు. మాటిచ్చారమ్మా!"

"దేని మీద కాశారు?"

"మార్లో పేరు కింద ఇంకో పందెం ఉంది. 'సాక్షి ఈ రాత్రి రాదు.' అంతే!"

ఆమె వేలు స్క్రీన్ మీద జారుతుంది. ఉంది. తొంభై.

దాని కిందే ఇంకోటి.

'సాక్షి ఎప్పటికీ రాదు.'

వేలు ఆగిపోయింది.

"అంకుల్, ఇది చూడండి. గ్రాఫ్‌లో సాయంత్రం దాకా పది. ఇప్పుడు ఇది కూడా తొంభై. మీరు కొన్నదానికీ దీనికీ మధ్య తేడా నా ప్రాణం." ఫోన్ ఆయన మొహం ముందు పెట్టింది. "తేడా పోయింది!"

ఆయన చూశాడు. మళ్లీ చూశాడు.

"లేదమ్మా... మాటిచ్చారు..."

పక్క లేన్‌లో వెలుగు. నల్ల ట్రక్! కారుకి సమంగా వచ్చింది. దాని అద్దం దిగుతోంది.

సంహిత సీటులోంచి కిందికి జారిపోయింది.

"ఇంకో మాట అంకుల్. వాళ్ల మొహాలు నేను ఇంతవరకూ చూడలేదు..."

ఆయన తల ట్రక్ వైపు తిరిగింది.

"...చూసింది మీరు!"

ఢాం!

డ్రైవర్ వైపు అద్దం పగిలింది.