అక్క వెంట్రుకతో కట్టిన మొక్కలు

మా అక్క పెంచిన ఆర్కిడ్లన్నీ బొటనవేలి గోరంతే. పువ్వు విచ్చితే భూతద్దం పెట్టి చూడాలి. బాల్కనీ చుట్టూ అద్దాలు బిగించి, మూలన మంచుపొగ చిమ్మే యంత్రం పెట్టి, ఒక్కో మొక్కనూ బెరడు ముక్క మీద తన తలవెంట్రుకతో కట్టేది. రెండు చుట్లు, ఒక ముడి. దారమైతే లేత కాడ కోసుకుపోతుందట. "వేరు బెరడును కరుచుకునేదాకా కట్టు విప్పకూడదే," అనేది.

అక్క పోయి నలభై రోజులు. ఆ అద్దాల బాల్కనీలోనే, ఉబ్బసం ఎక్కువై. బావ చెప్పిన మాట ఇది. మొన్న ఆయనే ఫోన్ చేశాడు, మొక్కలు పట్టుకుపొమ్మని.

మధ్యాహ్నం రెండింటికి అట్టపెట్టె చంకనబెట్టుకుని వెళ్లాను. బయట ఎండ ఫెళ్లుమంటోంది. బావ హాల్లో గోడకు అతుక్కుని కూర్చున్నాడు, మాసిన గడ్డంతో.

"నీళ్లు పోస్తున్నావా వీటికి?"

"నేనా? మిషను ప్లగ్గు కూడా పీకేశాను. అయినా చావవు, దరిద్రం!"

నిజమే. చుక్క నీరు లేకుండా ఆకులు నిగనిగలాడుతున్నాయి. తడి వాసన. ఈ మొక్కల వేళ్లు తేమను వెతుక్కుంటూ పోతాయి. కానీ ఇవన్నీ బెరడు వదిలేసి, సూదుల్లా గాల్లోకి సాగి, తలుపు వైపే చూస్తున్నాయి. బావ కూర్చున్న వైపు.

తలుపు దగ్గర గడియ చేతికి తగిలింది. హాలు వైపు. మెరుస్తున్న కొత్త ఇత్తడి.

"హాలు వైపు ఈ కొత్త గడియెందుకు బావా? మొక్కలేమైనా పారిపోతాయా?"

అప్పుడే తలుపు అద్దం మీద, లోపలి వైపు, గుండ్రంగా ఆవిరి పట్టింది. చెరిగిపోయింది. మళ్లీ పట్టింది. దానితోపాటే సన్నగా... ఉబ్బసపు పిల్లికూతలు.

"రోజూ ఇంతే," బావ గుసగుసలాడాడు. "రెండు దాటగానే."

"ఎంతసేపు పెట్టావు గడియ?"

"బుద్ధొస్తుందని... గంటే. ఇన్‌హేలర్ ఇమ్మంది. నటిస్తోందనుకున్నా." తలెత్తి నన్ను చూశాడు. "ఫోను చేతిలోనే ఉందిగా. నీకే చేస్తూ కూర్చుంది."

నాకు నోరెక్కువని లోకమంతా అంటుంది. ఆ క్షణం మాత్రం వచ్చిన మాట ఇంతే:

"పై వరసవి నాకందవు. వెళ్లి తీసివ్వు."

"నేను వెళ్లను."

"చచ్చిన పెళ్లానికి భయపడతావేం? బతికున్నప్పుడు లేని భయం!"

రోషానికి లేచి బాల్కనీలోకి వెళ్లాడు. గడియ పెట్టాను. ఒక్క నిమిషమే అనుకున్నాను. ఒట్టు.

"తల్లీ... తియ్యి. ఊపిరాడట్లేదు."

"నటిస్తున్నావా బావా?"

మిషను బుసకొట్టింది. ప్లగ్గు నా కాళ్ల దగ్గరే పడి ఉంది. తెల్లటి పొగ లేచి అద్దాలన్నీ మూసుకుపోయాయి. లోపల రెండు ఊపిర్లు... పక్కపక్కనే.

అప్పుడు గడియ లాగాను. రాలేదు. తలుపు సందులోంచి పాకిన వేరొకటి దాన్ని చుట్టేసుకుని ఉంది. తెల్లగా, చివర పచ్చగా. గోళ్లతో గీకాను. పీకాను. లోపల రెండు ఊపిర్లు... ఒకటి తడబడింది...

ఒకటే.

పొగ విడిపోయింది. అద్దం మీద మిగిలిన ఆవిరి మచ్చ నా భుజం ఎత్తులో ఉంది. బావ ఆరడుగుల మనిషి. మా అక్క పొట్టిది.

గడియ దానంతటదే జారింది. గుండె ఆగిందన్నాడు డాక్టరు. నేనూ తలూపాను.

పగ తీరింది కదా, ఇంక హాయిగా పడుకోవచ్చనుకున్నాను. ఒక్క మొక్క తెచ్చి వంటింటి కిటికీలో పెట్టుకున్నాను.

అక్క పోయిన రోజు తను నాకు మూడుసార్లు ఫోన్ చేసింది. పుస్తకంలో మునిగి ఉన్నాను. రోజూ ఉండే ఏడుపేగా అని మూడుసార్లూ కట్ చేశాను. బావకు తప్ప ఈ సంగతి ఎవరికీ తెలియదు.

ఇవాళ పొద్దున లేచేసరికి నా మణికట్టుకు పొడుగాటి వెంట్రుక కట్టి ఉంది. అక్క ముడే. కాకపోతే రెండు కాదు, మూడు చుట్లు.

కత్తెర పెట్టాను. తెగలేదు.

కట్టు కింద చర్మం దురద పెడుతోంది.