మూడో పేజీలో రాయని పేరు

మంగళవారం పొద్దున బర్నడీన్ వంటింట్లో బంగాళదుంపలు చిదుముతోంది. శుక్రవారం చర్చిలో పిరోగీలు, అంటే పిండిలో దుంప కూరి ఉడికించినవి, అమ్ముతారు. వాటి లోపలి ముద్ద ముప్పై ఏళ్లుగా ఆవిడే చేస్తోంది, ఇంకొకరు ఉప్పు వేస్తానంటే ఒప్పుకోదు. డెబ్భై అయిదేళ్లొచ్చినా పెన్సిల్వేనియాలోని షమోకిన్‌లో ఆవిడ నోటికి జడవనివాళ్లు తక్కువే. బల్లకి అవతలి పక్క కూతురు డెనీస్ మూడు కాలేజీల కాగితాలు పరుచుకుని కూర్చుంది.

డెనీస్‌కి నలభై తొమ్మిది. వృద్ధాశ్రమంలో నర్సుగా ఇరవై రెండేళ్లు ముసలివాళ్లను లేపీ పడుకోబెట్టీ నడుం పోగొట్టుకుంది. విడాకులయ్యాక తల్లి దగ్గరికే వచ్చేసింది. చిన్నప్పుడు తను చదివిన స్కూల్లోనే జూన్‌లో నర్సు రిటైరవుతోంది. ఆ ఉద్యోగం డెనీస్‌కే ఇస్తామన్నారు, కాకపోతే శుక్రవారంలోగా స్కూల్ నర్సు సర్టిఫికెట్ కోర్సులో చేరి చూపించాలి. ఇది చేజారితే మళ్లీ ఇంకో ఖాళీ వచ్చేసరికి తన నడుమే రిటైరవుతుందని ఆమె బెంగ.

"ఆ కొండమీది కాలేజీ ఎంతట?" అంది బర్నడీన్ తలెత్తకుండానే.

"అడక్కు. ఆ డబ్బుతో కారొస్తుంది."

"రెండోది?"

"స్టేట్ యూనివర్సిటీ. ఫీజు అందులో సగం కూడా లేదు. ఇంట్లోంచే చదవొచ్చు. వారానికో రోజు ఏదో ఒక స్కూల్లో నర్సు పక్కన ఉండి పని నేర్చుకోవాలి, అంతే."

"మూడోది తీసుకో. ఎనిమిది వారాలు. అన్నిట్లోకీ చవక. స్కూలు గడప తొక్కే పనే లేదు. ఫీజు నేను కడతా."

డెనీస్ కలం కింద పెట్టింది. "అమ్మా, నిన్ననే చెప్పానుగా. అది వేరే రాష్ట్రం వాళ్లది. మీ సర్టిఫికెట్ పెన్సిల్వేనియాలో చెల్లుతుందా అని ఫోన్ చేసి అడిగితే, అది మీరే కనుక్కోవాలి మేడమ్ అంది ఆ పిల్ల. గోడకి తగిలించుకోవడానికి తప్ప దేనికీ పనికిరాదు."

"అదైతే కడతా. స్టేట్ వాళ్లదైతే చిల్లిగవ్వ ఇవ్వను."

డెనీస్‌కి ఏదో తేడాగా అనిపించింది. బర్నడీన్ పిసినారే కానీ తెలివితక్కువది కాదు. తూకం తగ్గిందని హామ్ మాంసం ముక్కని బస్సెక్కి వెళ్లి వాపసిచ్చి వచ్చిన మనిషి, చెల్లని కాగితానికి డబ్బు పోస్తానంటే ఎవరు నమ్ముతారు? పోయిన వారం యూనివర్సిటీ నుంచి వచ్చిన కవరు ఎవరో విప్పి మళ్లీ అంటించినట్టుంది. ఆ ఇంట్లో ఉన్నది ఇద్దరే. పైగా "వాళ్లు ఇంటికొచ్చి చూస్తారా?" అని ముసలావిడ మూడుసార్లు అడిగింది. పదేళ్ల కిందట డెనీస్ ఒక కోర్సు మధ్యలో మానేసింది. ఇదీ అలాగే మానేస్తానని అమ్మ లెక్క కాబోలు అనుకుంది. లేదంటే ఉద్యోగం దొరికితే వేరే ఇల్లు చూసుకుంటానని భయమా?

ఇంకో దరఖాస్తు ముందుకు లాక్కుంది. పిల్లల మధ్య పనిచేయాలంటే ఎవరైనా సరే అది నింపాలి. ఈ మనిషి ఎప్పుడూ ఏ పిల్లనీ బాధపెట్టలేదని రాష్ట్రం వాళ్లు పాత రికార్డులు చూసి ఉత్తరం ఇస్తారు. మూడో పేజీలో, చిన్నప్పటి నుంచి ఒకే ఇంట్లో కలిసి ఉన్న వాళ్లందరి పేర్లూ రాయాలి.

"నువ్వు, నాన్న, తాతయ్య, విడిపోయిన మా ఆయన," అని రాసుకుంటూ అడిగింది డెనీస్. "ఇంకెవరైనా ఉన్నారా?"

"లేరు."

"చిన్నప్పుడు ఓల్గా పెద్దమ్మ వాళ్లింట్లో ఉన్నానుగా, పక్కూరు కుల్ప్‌మాంట్‌లో. అదీ రాయాలేమో."

దుంపలు చిదిమే చప్పుడు ఆగింది. "అది చుట్టపుచూపు. రాయక్కర్లేదు."

"రాస్తే పోయేదేముంది? ఆవిడ ఇంటిపేరేంటి?"

"గుర్తులేదు."

"పెద్దమ్మ ఇంటిపేరు గుర్తులేదా?"

"నీ వయసు కాదు నాది," అని బర్నడీన్ గిన్నె పట్టుకుని సింకు వైపు తిరిగింది.

ఇంతలో పోస్టు వచ్చిన చప్పుడైతే డెనీస్ వీధి గుమ్మం దాకా వెళ్లొచ్చింది. వచ్చేసరికి దరఖాస్తులో మొదటి రెండు పేజీలే ఉన్నాయి. బల్లకింద చూసింది, పేపర్ల కట్ట ఎత్తి చూసింది.

"మూడో పేజీ ఏది?"

"గాలికి ఎగిరిందేమో."

"మార్చి చలి అమ్మా. కిటికీలన్నీ మూసున్నాయి."

బర్నడీన్ ఏప్రన్ జేబు ఉబ్బెత్తుగా ఉంది. డెనీస్ చెయ్యి చాచింది. తల్లి ఆ జేబుని అరచేత్తో మూసుకుంది.

"ఇలా ఇవ్వు."

"ఇవ్వను. ఆ చవకది తీసుకో, ఈ కాగితాలడగదు. బతిమాలుతున్నా."

బతిమాలడం అనే మాట ఆవిడ నోట ఎన్నడూ వినలేదు డెనీస్. కోపం ఇంకా పెరిగింది. "అసలేం దాస్తున్నావు నువ్వు? నా కవరు విప్పావు. నా కాగితం దొంగిలించావు. శుక్రవారం దాటితే నా బతుకంతా ఆ ఆశ్రమంలోనే. ఓల్గా ఎవరు?"

బర్నడీన్ కుర్చీలో కూలబడింది. చేతులకున్న దుంపముద్ద తుడుచుకోవాలని కూడా తోచలేదు ఆవిడకి.

"నాకు అక్కల్లేరు," అంది.

తర్వాత ముక్కలుముక్కలుగా చెప్పుకొచ్చింది. డెనీస్‌కి ఆరేళ్లు. తండ్రి గనుల్లో ఊపిరితిత్తులు పాడుచేసుకుని ఆస్పత్రిలో ఉన్నాడు. తాతయ్య అప్పటికే పోయాడు. బర్నడీన్ చొక్కాల ఫ్యాక్టరీలో ఏడింటికల్లా మిషను ముందుండాలి. పిల్ల ఒక్కతే లేచి సూప్ వెచ్చబెట్టుకుని తిని స్కూలుకి పోయేది. ఒక సాయంత్రం అలాగే వెచ్చబెట్టుకోబోయి చెయ్యి కాల్చుకుంది. బర్నడీన్ వెన్న రాసి గుడ్డ చుట్టి, మర్నాడు పొద్దున స్కూలుకి పంపేసింది.

"స్కూల్ నర్సు ఆ గుడ్డ విప్పింది. మధ్యాహ్నానికి పిల్లల బాగోగులు చూసే కౌంటీ ఆఫీసు వాళ్లు కారేసుకొచ్చి నిన్ను తీసుకుపోయారు. ఏడు నెలలు. ఓల్గా అనే ఆవిడ కౌంటీ దగ్గర డబ్బు తీసుకుని అలాంటి పిల్లల్ని చూసేది. పెద్దమ్మ అని పిలవమని నేనే చెప్పాను నీకు."

"ఇన్నేళ్లు వేసవి సెలవులన్నావు."

"అన్నాను. ఇప్పుడు వాళ్లు పాత ఫైళ్లు తీస్తారు. ఈవిడ తల్లి ఫలానా అని నీ స్కూలుకి ఉత్తరం రాస్తారు. ఆ తెల్ల బూట్ల నర్సుని నలభై మూడేళ్లుగా తిట్టుకుంటున్నాను. నువ్వేమో ఆ కుర్చీలోనే కూర్చుంటానంటావు."

డెనీస్‌కి ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. ఓల్గా ఇంట్లో కుక్కపిల్ల గుర్తుంది, వేడి గంజి గుర్తుంది. అమ్మ ఎప్పుడొస్తుందని అడిగితే రేపు, రేపు అనేవాళ్లు. అది సెలవులెలా అవుతుందని తనెప్పుడూ అడగలేదు. చెప్పి ఉంటే బాగుండేదని ఇప్పుడు గట్టిగా కేకలేయాలనిపించింది. కానీ ఎదురుగా ఉన్న మనిషి ఇంకా ఆ జేబుని అరచేత్తో మూసుకునే ఉంది.

"అమ్మా, వాళ్లు చూసేది నా గురించి. నేను ఏ పిల్లనైనా హింసించానా అని. నీ పేరు నా ఉత్తరంలో రాదు. కవరు విప్పి చదివినదానివి, నన్నొక్క మాట అడిగితే సరిపోయేదిగా."

"అడిగితే నీకు చెప్పాల్సొచ్చేది."

కాసేపటికి ఏప్రన్ జేబులోంచి కాగితం బయటికొచ్చింది. బర్నడీన్ దాన్ని బల్లమీద సాపు చేసి కూతురి ముందుకు తోసింది. "హ్రింకో," అంది. "ఓల్గా హ్రింకో. బంధుత్వం ఏమీ లేదని రాయి." డెనీస్ రాసింది. ఇక కొండమీది కాలేజీదీ చవకదీ మడిచి చెత్తబుట్టలో వేసి, స్టేట్ యూనివర్సిటీ దరఖాస్తు మీద సంతకం పెట్టింది.

"ఒకటడుగుతా, నిజం చెప్పు," అంది బర్నడీన్. "ఆ రోజు నువ్వే ఆ కుర్చీలో ఉంటే, ఫోన్ చేసేదానివా?"

అబద్ధం చెప్పి ఊరడించడం డెనీస్‌కి తేలికే. ఆ ఇంట్లో ఆ పని చాలాకాలం జరిగింది.

"చేసేదాన్ని," అంది. "ఆ చెయ్యి చూశాక చెయ్యకుండా ఉండలేను. కానీ ఆ సాయంత్రం నువ్వు ఫ్యాక్టరీ నుంచి వచ్చే వేళకి మీ ఇంటికొచ్చి తలుపు కొట్టేదాన్ని."

బర్నడీన్ వీధి గుమ్మం వైపు తిరిగింది.

"ఎవరూ కొట్టలేదే," అంది. "ఏడు నెలలు. తలుపు దగ్గర కుర్చీ వేసుకుని కూర్చునేదాన్ని. ఒక్కళ్లూ కొట్టలేదు."

డెనీస్ లేచి బల్ల చుట్టూ తిరిగి వెళ్లి తల్లిని కావలించుకుంది. ముసలావిడ దుంపముద్ద చేతులతోనే కూతురి వీపు పట్టుకుని, నలభై మూడేళ్ల ఏడుపు ఒక్కసారిగా ఏడ్చింది.