మోకు మీద పద్నాలుగు చేతులు

బోట్లు నడిపే పద్నాలుగు మంది సరంగులూ వంగి ఇసుకలోని లావుపాటి మోకు పట్టుకున్నారు. వాళ్ళ నుదుటి పట్టీల మీద పద్నాలుగు దీపాలు వెలిగాయి. ఆకుపచ్చవి మూడు. పసుపువి పదకొండు.

"ఎవరూ కదలకండి," అంటూ డాక్టర్ వకుళ చెప్పులు వదిలేసి పరిగెత్తుకొచ్చింది. "ఒకరి నుదురొకరు చూసుకోండి."

చూసుకున్నారు. తెల్లవారుతున్న సముద్రం పక్కన పదకొండు మంది మొనగాళ్ళు సిగ్గుతో తలలు దించుకున్నారు.

కొత్తరేవులో బోట్లన్నీ బ్యాటరీల మీద నడిచే రోజులవి. ఉపగ్రహం గంటగంటకీ ఆకాశం సంగతి చెబుతూనే ఉంటుంది. కానీ తీరం దగ్గర అప్పటికప్పుడు పుట్టే గాలి సంగతి అనుభవం ఉన్న సరంగు ఒంటికే ముందు తెలుస్తుంది. అందుకే ఆ రేవులో ఒక కట్టుబాటు. చేపల వేటకి వెళ్ళేముందు అందరూ ఒకే మోకు పట్టుకోవాలి. ఒక్కరు పట్టుకోకపోయినా ఆ రోజు ఏ బోటూ కదలదు. వినడానికి ఎంత తెలివైన ఏర్పాటో! చిక్కల్లా ఒక్కటే. తాతలనాటి నుంచీ మోకు పట్టుకోనివాడు ఆ రేవులో పుట్టలేదు. పిరికివాడు అనిపించుకోవడం కన్నా మునిగిపోవడం నయం అనుకునే ఊరది.

తొమ్మిదేళ్ళ కిందట అలాగే మోకు పట్టి వెళ్ళి, సరంగుల్లో ఒకడైన గరికిన పోలయ్య తమ్ముడు సింహాద్రి తిరిగి రాలేదు. దినాల నాడు ఒక్కొక్కరే వచ్చి, "నాకా రోజే వద్దనిపించింది మావా" అని పోలయ్య చెవిలో చెప్పారు. వద్దని పోలయ్యకీ అనిపించింది. ఆ సంగతి అతన్ని తొమ్మిదేళ్ళుగా కాల్చుకు తింటోంది. పట్నం నుంచి వకుళను రేవుకి పిలిపించింది అతనే.

వకుళ యంత్రం సూత్రం తేలికే. మనిషి తనంతట తాను నిర్ణయానికి వస్తే మెదడులో పుట్టే సిగ్నల్ ఒకలా ఉంటుంది. మనసు ఒకటంటుంటే నలుగురి కోసం ఇంకోటి ఒప్పుకున్నప్పుడు ఆ సిగ్నల్ మారిపోతుంది. పట్టీలోని సెన్సర్లు ఆ తేడా పట్టేస్తాయి. సొంత మాటకి ఆకుపచ్చ, అరువు తెచ్చుకున్న మాటకి పసుపు. మనసు ఎటూ తేల్చుకోకపోతే దీపమే వెలగదు.

ఆ ఉదయం పసుపు దీపాలవాళ్ళు మోకు వదిలేశారు. మధ్యాహ్నానికి గాలి లేచి ఒడ్డునున్న ఐస్ షెడ్డు రేకుల్ని ఎత్తుకుపోయింది.

"బతికించావమ్మా," అని పోలయ్య వకుళ చేతులు పట్టుకుని ఏడ్చేశాడు.

"నేను కాదు, మీ మనసులే చెప్పాయి. నేను దీపం పెట్టానంతే," అంది వకుళ. యంత్రం మీద ఆమెకి కొండంత నమ్మకం.

మూడు నెలలు గడిచాయి. ఒక మబ్బు ఉదయం మోకు ఇసుకలోనే పడి ఉంది. ఎవరూ వంగలేదు. ఒక్క దీపమూ వెలగలేదు. అందరూ పక్కవాడి నుదురే చూస్తున్నారు.

"సెడిపోయిందంటారా డాక్టరమ్మగారూ?" అన్నాడు అందరికన్నా చిన్నవాడైన సరంగు నూకరాజు.

వకుళ ఇంకో పట్టీ తీసి తనే పెట్టుకుంది. "నా యంత్రం చెడిపోలేదు," అంది. టక్కున ఆకుపచ్చ దీపం వెలిగింది.

"మరి మావెందుకు ఎలగవండీ?"

"ఇవాళ వెళ్ళాలని ఉందా, వద్దని ఉందా నీకు?"

నూకరాజు బుర్ర గోక్కున్నాడు. "దీపం ఏటంటాదో సూసి అనుకుందారనండి."

మిగతావాళ్ళు నేల చూపులు చూశారు.

పోలయ్య సముద్రం వైపు చాలాసేపు చూశాడు. "నాకు భయంగా ఉందిరా. నేను రాను," అన్నాడు. అతని నుదుటి మీద ఆకుపచ్చ దీపం వెలిగింది. "ఈ మాట ఆ రోజే అనుంటే నా తమ్ముడు ఇంటికాడ ఉండేవోడు." భయం అన్న మాట ఆ రేవులో ఒకడు పైకి అనడం అదే మొదటిసారి. ఆ గొంతు వణకలేదు.

"నాకూ భయమే మావా," అన్నాడు నూకరాజు. "నాకూ." "నాకూను." పదమూడు దీపాలు వరసగా వెలిగాయి. పదమూడూ పసుపే.

తీరా చూస్తే ఆ రోజు సాయంత్రం దాకా ఆకు కదల్లేదు. సముద్రం పళ్ళెంలో నీళ్ళలా ఉంది. పోలయ్య బాధపడుతుంటాడని వకుళ వెతుక్కుంటూ వెళ్ళింది. అతను బోటు నీడన కూర్చుని వల బాగు చేసుకుంటున్నాడు.

"తప్పయితే అయింది, నా తప్పే కదమ్మా," అన్నాడు హాయిగా. "ఇంకోడి తప్పు మొయ్యడం కన్నా ఇది తేలికే."

అంతలో పదమూడు మందీ పట్టీలు చేత్తో పట్టుకుని గుంపుగా వచ్చారు.

"ఇయి మాకెందుకండీ, తీసుకుపోండి," అన్నాడు నూకరాజు. "పోలయ్య మావకొక్కడికీ ఉంచండి. ఆయన దీపం సూసుకుని ఎల్తాం."

"ఇవాళ ఆయన అంచనా తప్పింది కదయ్యా!"

"దీపం ఆకుపచ్చగానే ఎలిగింది కదండీ."

పదమూడు తలలూ ఊగాయి. ఇది మళ్ళీ పాత మోకే అని వకుళకి తెలుసు. చెప్పాలని నోరు తెరిచింది. పదమూడు ముఖాలు ఆశగా ఆమె వైపే చూస్తున్నాయి.

"సరే... అదీ బాగానే ఉంది," అంది.

పోలయ్య వల పక్కన పెట్టి కిసుక్కున నవ్వాడు.

"పట్టీ తియ్యడం మర్సిపోయినట్టున్నారు డాక్టరమ్మగారూ," అన్నాడు. "పసుపు ఎలిగింది."