గొర్రెలదాటు దగ్గర కన్ను

"రవంతసేపు నోరు కట్టుకో తల్లీ. పెట్టె వింటాంది," అంది సుంకమ్మ.

పక్క సీట్లోని హనుమక్క మాట మధ్యలోనే మింగింది. సుంకమ్మ రేకుల కొట్టం ముందు ఆపిన ఆ కారు ముందుపలకలోని పటంపెట్టె పచ్చగా వెలిగింది. సుంకమ్మ దాని మీద అరచెయ్యి ఆనించి, కళ్లు మూసుకుని చెప్పుకుపోయింది. "ముప్పై రెండో రాయి, గుండు పక్కన, ఎనభై. నలభై ఒకటి, వంక దాటినాక, డెబ్భై. నలభై ఏడు, గొర్రెలదాటు వంపు, అరవై." ఒక్కో మాటకూ పటం మీద ఒక్కో ఎర్రచుక్క పడింది. పొద్దుటి నుంచి ఇది ఏడో కారు.

వడిబాట మీద చుక్కలు పెట్టే పద్ధతి ఇదే. హద్దు మించిన వేగాన్ని పట్టి డ్రైవరు కార్డు మీద గీత వేసే నడకకన్నును కళ్లారా చూసినవాళ్లే దాని చోటును నోరారా చెప్పాలి. ఎవరో చెప్పగా విన్నది చెబితే పెట్టె ఒప్పుకోదు. చెప్పిన గొంతే ఆ తర్వాత కారులో హెచ్చరికై పలుకుతుంది. అందుకని ఈ నూట పది రాళ్ల బాట మీద తిరిగే నాలుగు వేల బండ్లలోనూ, కన్ను దగ్గరపడగానే పలికేది సుంకమ్మే: "కన్నుంది. నిదానం తల్లీ." బారెడు మీసాల లారీ డ్రైవర్లకూ అదే పిలుపు. ఇన్నేళ్లలో ఒక్కడూ అదేమని అడగలేదు.

"నాకు ఇంతవరకూ ఒక్క గీత పడల్యా, తెలుసునా?" అంది హనుమక్క, పెట్టె చల్లారగానే. ఆమె వెనక సీటు నిండా చామంతి బుట్టలు. "పదేండ్ల నుంచి పూలు తోలుతాండా. నా కార్డు పాలమాదిరి ఉంటాది."

"అట్లే ఉండనీ. మూడు గీతలు పడితే స్టీరింగు నీ చెయ్యి గుర్తుపట్టదు, బతికినన్నాళ్లూ. నావి రెండు అయిపోయినాయి," అంది సుంకమ్మ. మొదటిది పెళ్లికి ముందు సరదాకు పడింది, రెండోది చెల్లెల్ని కాన్పుకు తీసుకుపోతూ.

అప్పుడొచ్చాడు బీరలింగ. భుజాన కంబళి, చేతిలో కట్టె, కాళ్లకు మోకాళ్ల దాకా ఎర్రదుమ్ము. రేకుల నీడలోకి రాకుండా ఎండలోనే నిలబడ్డాడు.

"అక్కా, కన్ను లేస్తాంది," అన్నాడు.

"ఏ కన్ను?"

"నా కన్నే. దాటు కాడిది. పొద్దున ఒక కాలు మడిసింది."

సుంకమ్మ పెట్టె తుడుస్తున్న గుడ్డ కింద పెట్టింది. నాలుగు నెలల కిందట ఆ వంపు దగ్గర బీరలింగ అన్న ఎంకప్ప, పంతొమ్మిది గొర్రెలు ఒకే నిమిషంలో పోయాయి. మేత ఒక పక్క, నీళ్లు ఒక పక్క; మధ్యలో వడిబాట. దాటక తప్పదు. మూడో రోజు తెల్లవారేసరికి ఒక కన్ను అక్కడికి తనంతట తానే నడిచి వచ్చింది. నడకకన్నులకు ఎవరూ దారి చూపరు. నెత్తురు పడిన చోటుకు అవే వస్తాయి. ఇంటి దూలమంత ఎత్తున మూడుకాళ్ల మీద నిలబడి, ఎండ ఎటు తిరిగితే అటు రేకులు తిప్పుకుంటూ కాపలా కాస్తాయి. ఇది యంత్రం పనేనని సుంకమ్మకు తెలుసు. తెలిసినా చూసినప్పుడల్లా దండం పెట్టబుద్ధయ్యేది.

ఆమె కొట్టంలోకి పోయి గోడమీది మాటపలకను తట్టి, కన్నుల లెక్కలన్నీ చూసే కూడలిని అడిగింది. కూడలి ఎప్పటిలాగే మర్యాదగా చెప్పింది.

"గొర్రెలదాటు కన్ను. నలభై రోజులుగా పట్టుబడినవారు సున్న. నేటి మధ్యాహ్నం పన్నెండుకు విడుదల."

"ఎందుకు సామీ?"

"అక్కడ ప్రమాదం లేదు."

"కన్నుండబట్టే గదా ప్రమాదం ల్యాకుండేది."

"ఆ సంబంధానికి నా వద్ద గడి లేదు," అంది కూడలి.

సుంకమ్మ గోడమీది నల్లపలక వైపు చూసింది. దాని మీద ఆమె సుద్దతో గీసుకున్న గీతలు, నాలుగు పదులు. గొర్రెలదాటు దగ్గర ఎవరూ పట్టుబడని రోజులవి. నలభై దినాల నుంచి వచ్చినవాళ్లందరికీ చూపించి మురిసిపోయింది. ఒక్క బండినీ వదలకుండా చుక్క నింపింది, అందరూ నెమ్మదించారు, ఎవరూ దొరకలేదు, దొరకనందుకే కన్ను వెళ్లిపోతోంది. మన వేలితో మన కన్ను పొడుచుకోవడం అంటారే, అచ్చం అదే.

"చుక్క తీసెయ్యక్కా. తీస్తే దొరుకుతారు గదా," అంది హనుమక్క.

"దొరుకుతారు. యాడ దొరుకుతారు? వీని గొర్రెల మీద దొరుకుతారు."

"పోనీ కన్ను పోయినా చుక్క ఉంచెయ్."

"నిలవదు తల్లీ. రోజూ తెల్లారి పెట్టె కన్నుతో మాట్లాడి చూసుకుంటాది. కన్ను పలక్కపోతే చుక్కను అదే తుడిచేస్తాది."

"మందను దాటించాల. రేపటి సంగతి ఏమోగానీ, ఈ పూట దాటించాల," అని బీరలింగ వెనుదిరిగాడు. రా ఎక్కమని సుంకమ్మ అతన్ని తన బండిలో కూర్చోబెట్టుకుంది. ఏం జరుగుతుందో చూడాలని హనుమక్క కూడా వెనకాలే బయలుదేరింది.

వంపు దగ్గర దిగేసరికి పదకొండున్నర. కన్ను రెండు కాళ్లు మడిచేసి కొంగలాగా ఒంటికాలి మీద ఉంది. బీరలింగ నోటితో ఒక కూత పెట్టాడు. మెడలో గంట ఉన్న పొట్టేలు ముందుకు కదిలింది, దాని వెనక రెండువందల నలభై గొర్రెలు.

అప్పుడు పైనుంచి బండ్లు వచ్చాయి. నూట ముప్పై మీద, నూట నలభై మీద, దిన్నె దిగుతూ, మూడు వరుసల్లో. అంతలో ఆ కిటికీలన్నిటిలో నుంచి ఒక గొంతు వినబడింది. ఒకచోట ముగిసేలోపు ఇంకోచోట మొదలవుతూ, దిన్నె పొడుగునా. "కన్నుంది. నిదానం తల్లీ. నిదానం తల్లీ." వడిబాట అంతా నెమ్మదించింది. టైర్ల రొద తగ్గి, పొట్టేలు గంట వినబడేంత నిశ్శబ్దమైంది. ఒక గొర్రెపిల్ల బాట నడుమ ఆగి లారీ చక్రాన్ని వాసన చూసింది. లారీ కదలకుండా నిలబడింది.

చుక్కలు పెట్టి పెట్టి సుంకమ్మ చేతులు కాయలు కాశాయిగానీ, వచ్చి ఇలా నిలబడి వినడం ఇదే మొదటిసారి. ఇంతమంది నా మాట వింటారా అనుకుంది. ఇంత పెద్ద బాట నా నోటిమాటకు ఆగుతుందా అనుకుంది.

చివరి గొర్రె అవతలికి చేరింది. బాట ఖాళీ అయింది. పన్నెండుకు ఇంకా ఎనిమిది నిమిషాలున్నాయి. కన్ను మూడో కాలు వణికింది.

సుంకమ్మ బండెక్కి ఒక కిలోమీటరు వెనక్కి పోయి తిప్పింది. వంపు దగ్గరపడగానే పెట్టె ఆమె గొంతుతోనే ఆమెకు చెప్పింది, "కన్నుంది. నిదానం తల్లీ."

"తెలుసులే, ఊరుకో," అంది సుంకమ్మ. అరవై ఒకటి. అరవై నాలుగు. చుక్క దాటింది.

కన్ను ముఖం తిప్పింది. తెల్లటి వెలుగు పడింది. అరచేతుల కింద స్టీరింగు బిగుసుకుపోయింది. బండి తనంతట తానే పక్కకు తీసుకుని ఆగింది.

"మూడో గీత. కారణం ఎంచుకోండి," అంది పెట్టెలోంచి కూడలి. "అత్యవసరం. యంత్రలోపం. అజాగ్రత్త."

"ఇవేవీ కాదు."

"కారణం లేకుండా నమోదు కుదరదు."

"గొర్రెలు దాటాల," అంది సుంకమ్మ.

కూడలి జవాబు చెప్పడానికి తడబడింది. పద్దెనిమిదేళ్లలో అది తడబడటం ఆమె ఎన్నడూ వినలేదు. "ఆ కారణం జాబితాలో లేదు."

"లేకపోతే రాసుకో."

బయట కన్ను ఒక్కో కాలే దించి నేలలో నాటుకుంది. సుంకమ్మకు ఏడుపొచ్చింది. బండి పోయింది. బండి లేకుంటే చూసిరావడం లేదు, చూడకుంటే చుక్కలు లేవు, చుక్కలు లేకుంటే ఆమెకు వేరే పని రాదు. బీరలింగ వచ్చి కిటికీ పక్కన నిలబడ్డాడు.

"ఎంత పని చేసినావక్కా," అన్నాడు. "నలభై దినాలకు మల్లా లేస్తాది గదా," అన్నాడు.

"లేస్తాది."

"అప్పుడెవరు?"

కాస్త దూరంలో హనుమక్క తన కారు దగ్గర నిలబడి అంతా చూస్తోంది.

హనుమక్క నోట్లో నువ్వుగింజ నానదు. ఆ నలభై రోజుల్లో ఆమె పూలు దించిన ప్రతి మార్కెట్టులో, టీ తాగిన ప్రతి అంగడిలో ఈ కథ దిగింది. అయితే అందరూ విన్నారుగానీ, వంతు ఎవరిదో ఎవరూ మాట్లాడుకోలేదు. ఎవరికి వాళ్లు, ఈసారి నేనే అనుకున్నారు.

నలభయ్యో రోజు సుంకమ్మ బస్సు దిగి నడిచి వంపు దగ్గరికి వచ్చింది. మంద దాటింది. కన్ను రెండు కాళ్లు మడిచింది. దిన్నె మీది నుంచి చామంతుల కారు దిగి, అరవై రెండు మీద చుక్క దాటింది. వెలుగు పడింది. పాలలాంటి కార్డు మీద మొదటి గీత. దాని వెనకే ఒక సిమెంటు లారీ, అరవై ఒకటి. దాని వెనక ఒక అంబాసిడరంత వయసున్న ముసలాయన, అరవై ఒకటి. బస్సు. పాలవ్యాను. మొత్తం పదకొండు మంది పక్కన వరుసగా ఆగి, ఒకరి ముఖాలొకరు చూసుకుని నవ్వలేక సిగ్గుపడ్డారు. పదకొండు పెట్టెలు కారణం అడిగాయి. పదకొండు మందీ అదే చెప్పారు.

కన్ను ఎటు తిరగాలో తెలియనట్టు రేకులు రెండుసార్లు తెరిచి మూసింది.

తర్వాత పెట్టెలన్నీ ఒక్కసారే వెలిగాయి. "కారణం ఎంచుకోండి. అత్యవసరం. యంత్రలోపం. అజాగ్రత్త." అక్కడితో ఆగలేదు. నాలుగోది కూడలి గొంతు కాదు. అది సుంకమ్మ గొంతు, నాడు ఆగిన బండిలో కూర్చుని పలికింది పలికినట్టే.

"గొర్రెలు దాటాల."

హనుమక్క వేలు పెట్టి దాన్ని నొక్కింది. కార్డు మీది గీత చెరిగిపోయింది, కన్ను మాత్రం మడిచిన కాళ్లు మళ్లీ దించుకుంది. బాట పక్కన నిలబడ్డ సుంకమ్మ, ఎందుకైనా మంచిదని, ఆగి ఉన్న ఆ కారు స్టీరింగు మీద తన అరచెయ్యి ఆనించి చూసింది. అది ఆమె చెయ్యిని గుర్తుపట్టింది.