దిక్సూచి పక్కన మేకు

నాటు పడవ ఓడ పక్కకు చేరేసరికి ఎండ నడినెత్తిన ఉంది. బుజ్జమ్మ మెడ వెనక్కి వాల్చి పైకి చూసింది. ఓడ గోడ తాటిచెట్టంత ఎత్తుంది.

"అమ్మా, ఇంత ఇనుము నీళ్ళ మీద ఎలా తేలుతుందే?"

"నాకేం తెలుసు? మీ నాన్ననడుగు," అంది అచ్చాయమ్మ.

గోదావరి మీద రైలు వంతెన ఇంకా కట్టని రోజులవి. కాకినాడలో పెద్ద ఓడలు ఒడ్డు దాకా రాలేక, దూరంగా సముద్రంలోనే లంగరు వేసుకునేవి. అక్కడి నుంచి రంగం వెళ్ళేవి. రంగమంటే సముద్రానికి అవతలి ఒడ్డు. మన మనుషులు ఎంతమంది అక్కడికి పనికి వెళ్ళారో, లెక్కే లేదు.

బుజ్జమ్మ నాన్న గంగయ్య ఆ ఓడలో బొగ్గు మోసేవాడు. ఈమధ్యనే అతనికి సుక్కాను పట్టే పని ఇచ్చారు. సుక్కాను తిప్పితేనే కదా ఓడ తిరిగేది! పనివాళ్ళందరికీ పెద్ద అయిన సరంగు భీమరాజు దానికి మురిసిపోయాడు. "సాయంత్రం ఓడ కదిలేలోపు వచ్చి, గంగయ్య నిలబడే చోటు చూసిపోండమ్మా," అని ఇంటికి కబురు పెట్టాడు.

బుజ్జమ్మ ఊరికే రాలేదు. పరికిణీ మడతలో ఒక ఇనుప మేకు దాచి తెచ్చింది. వాళ్ళ పేటలో కొత్త పడవను నీళ్ళలోకి తోసేముందు, దిష్టి తగలకుండా దాని ముక్కు దగ్గర పసుపు రాసిన మేకు పెడతారు. పక్కింటి పాపాయి వాళ్ళు తొందరలో పెట్టడం మరిచిపోయారు. ఆ పడవ తిరిగి రాలేదు. మరి ఇంత పెద్ద ఓడకి ఎవరు పెట్టారు? ఎవరూ పెట్టి ఉండరు. అమ్మతో అంటే, "దొరల ఓడకి నీ మేకెందుకే" అని నవ్వుతుంది. అందుకే చెప్పలేదు.

భీమరాజు వాళ్ళను మెట్ల మీదుగా అన్నిటికన్నా పై గదికి తీసుకెళ్ళాడు.

"దొరలు దీన్ని బ్రిడ్జి అంటారమ్మా. ఓడ ఎటు పోవాలో చెప్పేది ఇక్కడే. ఇదిగో, మీ నాన్న పట్టే సుక్కాను."

బండి చక్రం కన్నా పెద్దది. బుజ్జమ్మకు దాన్ని ముట్టుకోవాలనిపించింది.

"ఈ గొట్టంలో మాట్లాడితే అడుగున బొగ్గేసే వాళ్ళకి వినపడుద్ది. ఏదీ, ఓ కేకెయ్యి!"

"ఎవరక్కడ?" అంది బుజ్జమ్మ.

"దెయ్యాన్ని! ఆకలేస్తంది, అట్లు తెచ్చావా?" అని గొట్టంలోంచి గొంతు వచ్చింది. అందరూ నవ్వారు.

సుక్కాను ముందు కర్ర పీట మీద గుండ్రని ఇత్తడి గిన్నె ఉంది. దానిపైన అద్దం, లోపల వణుకుతూ ఒక ముల్లు.

"ఇది దిక్సూచి. ఇదే ఓడకి కళ్ళు," అన్నాడు భీమరాజు.

కళ్ళు! దిష్టి తగిలితే ముందు వీటికే తగులుతుంది కదా, అనుకుంది బుజ్జమ్మ. భీమరాజు అమ్మకు ఒడ్డున దీపస్తంభం చూపిస్తున్నాడు. బుజ్జమ్మ గబుక్కున మేకు తీసి, గిన్నెకూ పీటకూ మధ్య సందులోకి దోపేసింది. ఆమె మనసు తేలికపడింది.

అంతలో గంగయ్య, వెనకే ఓడ నడిపే తెల్లవాళ్ళలో చిన్నవాడైన చిన్నదొర వచ్చారు. చిన్నదొర దిక్సూచిలోకి చూశాడు. దీపస్తంభం వైపు చూశాడు. మళ్ళీ దిక్సూచిలోకి చూశాడు. మొహం ఎర్రబడింది. గంగయ్య వైపు వేలు చూపించి ఏదో అరిచాడు.

"ఏమైందండీ?" అంది అచ్చాయమ్మ కంగారుగా.

భీమరాజు గొంతు తగ్గించాడు. "పొద్దున ఈ ముల్లు ప్రకారం దీపస్తంభం వాయవ్యంలో ఉంది. ఇప్పుడు పడమరకి జరిగినట్టు చూపిస్తంది. దీపస్తంభం నడవదు కదమ్మా. ఇత్తడి తోమేటప్పుడు గంగయ్యే కదిపేశాడంటున్నాడు దొర. సుక్కాను ఇంకొకడికిచ్చి, ఇతన్ని మళ్ళీ బొగ్గు గదికి పొమ్మంటున్నాడు."

"నేను కదపలేదండి," అన్నాడు గంగయ్య. చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

బుజ్జమ్మ మేకు దోపిన సందు వైపు చూసింది. చెప్తే మేకు తీసేస్తారు. మేకు లేని ఓడలో నాన్న సముద్రం దాటాలి. చెప్పకపోతే నాన్నకి సుక్కాను ఉండదు. పాపాయి వాళ్ళ పడవ కళ్ళ ముందు కదిలింది. నాన్న తలెత్తడం లేదు. ఇంటి దగ్గర ఎప్పుడూ అలా నిలబడగా చూడలేదు.

"నాన్న కాదు, నేను!" అంది. సందులోంచి మేకు లాగింది. "దిష్టి తగలకూడదని పెట్టాను."

అచ్చాయమ్మ నెత్తి కొట్టుకుంది. చిన్నదొర మేకు తీసుకుని దూరం జరిపాడు. ముల్లు ఊగి ఊగి పాత చోటికి వచ్చింది. దగ్గరికి తెస్తే మళ్ళీ పక్కకు తిరిగింది. ఆయన నవ్వలేదు గానీ, మేకు బుజ్జమ్మకిచ్చి, గంగయ్యకు సుక్కాను చూపించి తలూపాడు.

ఆయన వెళ్ళాక గంగయ్య కూతురి పక్కన గొంతుక్కూర్చున్నాడు.

"ఈ ముల్లు ఇనుము కనపడితే అటు తిరిగిపోద్దే తల్లీ. నడి సముద్రంలో నాకు దీపస్తంభం ఉండదు, ఇదే దిక్కు. రంగం అనుకుంటా ఇంకెక్కడికో పోయేవాళ్ళం."

బుజ్జమ్మ కళ్ళు తుడుచుకుంది. "మరి ఓడంతా ఇనుమే కదా నాన్నా?"

"ఆ ఇనుము సంగతి అందరికీ తెలుసు. ముందే లెక్క చూసి సరిచేసుకున్నారు. నీ మేకు సంగతి నీకొక్కదానికే తెలుసు."

బుజ్జమ్మ మేకును దిక్సూచికి దూరంగా పట్టుకుంది. తర్వాత భీమరాజు దగ్గరకు వెళ్ళింది.

"తాతా, ఈ మేకు ఎక్కడ పెడితే ఓడకి ఇబ్బంది ఉండదు?"

భీమరాజు గడ్డం గోక్కున్నాడు. "ఓడ ముక్కు దగ్గర లంగరు గొలుసులున్నాయి. అంత ఇనుములో ఇదొక లెక్కా! పద, నువ్వే పెడుదువుగాని."

పెట్టేసి వచ్చారు. కింద నాటు పడవ అలల మీద ఊగుతోంది. దిగడానికి తాడు నిచ్చెన వేలాడుతోంది. అచ్చాయమ్మ ముందు దిగింది. బుజ్జమ్మ చేయి చాచి, అంతలోనే వెనక్కి తీసుకుంది.

"తాతా, ఈ తాడు పట్టుకోవచ్చా?"

భీమరాజు పొట్ట చేత్తో పట్టుకుని నవ్వాడు. "పట్టుకోకపోతే చేపల్లోకి పోతావే అమ్మడూ! పట్టుకో, రెండు చేతుల్తో పట్టుకో!"