శోకానికి సగటు ఎత్తు

ఆవకాయ జాడీలో తడి చెంచా ఎవరు పెట్టారన్న విషయం మీద ఆ ఆదివారం పొద్దున్నే ఇంట్లో గొడవ మొదలైంది. పైపొర మీద తెల్లగా బూజు పట్టింది. సహస్రమ్మ జాడీ మూత చేత్తో పట్టుకుని, వంటింటి గుమ్మంలో నిలబడి మనవరాలు ఇళను నిలదీసింది. తను ఆవకాయే తినడం మానేశానని ఇళ అంది. అయితే మీ అమ్మ పనే అయి ఉంటుందని సహస్రమ్మ అంది. పెళ్ళయి వచ్చినప్పటి నుంచి తను ఒక్కసారైనా తడి చెంచా పెట్టిందేమో చెప్పమని ప్రణవి అత్తగారిని అడిగింది. ఇళ విసురుగా గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది. సహస్రమ్మ కొడుకు ఉదాత్త్ మాత్రం బాల్కనీలో కూర్చుని, కింద కనిపించే, అలలు ఊళ్ళోకి రాకుండా కట్టిన సముద్రపు గోడ వైపు చూస్తూ, ఏమీ విననట్టే ఉన్నాడు.

2091లో విశాఖపట్నంలో ఇలాంటి గొడవలు లేని ఇల్లు లేదు. ఏడుపులు తగ్గాక చిల్లర తగాదాలు పెరిగాయని ప్రణవి చాలాకాలంగా గమనిస్తోంది. కూరలో ఉప్పు, ఆరేసిన తువ్వాలు, వేయని గడియ, దేని మీదైనా సరే మనుషులు మాటకు మాట విసురుకుంటారు, మరుక్షణం మరిచిపోతారు. ఎందుకో ఆమె ఊహించగలదు. ఏడుపులు తగ్గించిన యంత్రాన్ని తయారుచేసింది ఆమె, ఉదాత్త్ కలిసే.

దాని పేరు సమశోకిని. చింతగింజంత ఉంటుంది. చెవి వెనక, ఎముక మీద అంటిస్తారు. పనిచేస్తున్నంత సేపూ గోరువెచ్చగా ఉంటుంది.

ప్రణవి చదువుకున్నది లాటిన్. మధ్యయుగపు చేతిరాత ప్రతుల చిత్రాలను చదివి, వాటిలో ఏముందో తెలుగులోకి తేవడం ఆమె ఉద్యోగం. పద్నాలుగో శతాబ్దంలో ఆక్స్‌ఫర్డ్‌లో, పారిస్‌లో కొందరు పండితులు ప్రకృతిని లెక్కల్లో పట్టుకోవాలని చూశారు. థర్మామీటర్ లేని రోజుల్లోనే వాళ్ళు వేడికి బొమ్మ గీశారు. అడ్డంగా ఒక గీత గీసి దాన్ని పొడుగు అన్నారు. ఆ గీత మీద ఒక్కొక్క చోట వేడి ఎంత తీవ్రంగా ఉందో అంత ఎత్తున నిలువు గీతలు నిలబెట్టారు. ఆ గీతల మధ్య ఏర్పడిన వైశాల్యమే మొత్తం వేడి. మొదట్లో బాగా ఎక్కువగా ఉండి, క్రమంగా తగ్గుతూ సున్నాకు చేరే వేడికి త్రిభుజం వస్తుంది. అంతే పొడుగున, సగం ఎత్తున, మారకుండా ఉండే వేడికి దీర్ఘచతురస్రం వస్తుంది. రెండూ సమానమేనని వాళ్ళు నిరూపించారు. వేడికే కాదు, తెలుపుకు, వేగానికి, సంతోషానికి, నొప్పికి కూడా ఇలాంటి బొమ్మ గీయవచ్చని అనుకున్నారు.

ఒకరోజు భోజనాల దగ్గర ప్రణవి ఇదంతా సరదాగా చెబుతుంటే, మెదడు మీద పరిశోధన చేసే ఉదాత్త్ తినడం ఆపేశాడు. మనిషి దుఃఖం కూడా త్రిభుజమే కదా అన్నాడు. మొదటిరోజు శిఖరం. ఆ ఎత్తును మోయలేకే మనుషులు కూలిపోతున్నారు. దుఃఖాన్ని తగ్గించనక్కర్లేదు, పోయినవాళ్ళకు అన్యాయం చేయనక్కర్లేదు, త్రిభుజాన్ని దీర్ఘచతురస్రంగా మారిస్తే చాలు. అలా పుట్టింది సమశోకిని. కొన్నేళ్ళలో అది లక్షలమంది చెవుల వెనకకు చేరింది.

ఆ తరువాత వాళ్ళ కొడుకు మైత్రేయ పోయాడు. సముద్రపు గోడకు మరమ్మతులు చేసే ఇంజనీరు. తుఫాను రోజున గోడ మీద నుంచి జారిపడ్డాడు. కబురు వచ్చిన సాయంత్రమే నలుగురూ సమశోకినులు అంటించుకున్నారు. శవాన్ని ఇంటికి తెచ్చినప్పుడు ఎవరూ సొమ్మసిల్లలేదు. వచ్చినవాళ్ళు అనవలసిన మాటలు అన్నారు, కాఫీ తాగారు, వెళ్ళారు. అందరి చెవుల వెనకా చింతగింజలే. ఎవరినీ ఎవరూ పట్టుకోవలసిన అవసరం రాలేదు.

అప్పటి నుంచి ప్రణవి దుఃఖం సన్నటి జ్వరం లాంటిది. వాడి చొక్కాలు మడతపెట్టినా అంతే, కూరగాయలు తరిగినా అంతే. వచ్చే గురువారం వాడి సంవత్సరీకం. ఏడాది నిండితే మెదడు ఆ సగటు ఎత్తుకే స్థిరపడిపోతుంది, ఇక యంత్రం తీసేసినా మార్పు ఉండదు. ఆ లోపల తీస్తే, అణిచిపెట్టిందంతా ఒక్కసారిగా మీద పడుతుంది. తట్టుకోలేక ఆస్పత్రి పాలైనవాళ్ళు ఉన్నారు. ఈ సంగతి ఆమెకు యంత్రం పుట్టినప్పటి నుంచీ తెలుసు. కాని గురువారం దాటితే కొడుకు కోసం ఏడవడమన్నది తనకు ఈ జన్మలో ఉండదన్న ఆలోచన మాత్రం ఈ మధ్యే వచ్చి, పోకుండా కూర్చుంది.

పదకొండు గంటలకు బియ్యం కడగడానికి వంటింట్లోకి వెళ్ళేసరికి జాడీ దగ్గర ఉదాత్త్ నిలబడి ఉన్నాడు. కుళాయి కింద చెంచా కడిగాడు. తుడవలేదు. నీళ్ళు కారుతుండగానే జాడీలో ముంచాడు. ఆవకాయ తీసుకోలేదు. ఊరికే ముంచి అలాగే నిలబడ్డాడు.

తడి చెంచా పెట్టేది మైత్రేయ. చిన్నప్పటి నుంచీ వాడికది అలవాటు. ప్రతిసారీ నాయనమ్మ తిట్టేది, ప్రతిసారీ వాడు నవ్వేవాడు.

ప్రణవి దగ్గరికి వెళ్ళింది. అతని కళ్ళు వాచి ఉన్నాయి. ఆమె చెయ్యి చాపి అతని చెవి వెనక ముట్టుకుంది. గింజ చల్లగా ఉంది.

"ఎన్నాళ్ళయింది?" అంది.

"వాడు పోయిన పదో రోజు నుంచి."

"ఆపేశావా?"

"వాడికి నీళ్ళు వదిలేటప్పుడు నా చేతులు వణకలేదు ప్రణవీ. ఎవరో పక్కింటివాళ్ళ అబ్బాయికి వదులుతున్నట్టు ఉంది. ఇంటికొచ్చి స్నానాల గదిలో ఆపేశాను."

అంత ఎత్తూ ఒక్కడివే మోశావా అని ఆమె అడగలేదు. అడిగితే, పక్కనే పడుకున్న నీకు తెలియలేదా అన్న ప్రశ్న తిరిగి వస్తుంది. ఎందుకు చెప్పలేదని మాత్రం అడిగింది.

"చెబితే నువ్వూ తీసేస్తావు. నువ్వైనా సుఖంగా ఉంటావనుకున్నాను." చెంచాను జాడీలో అటూ ఇటూ తిప్పాడు. "అయినా తయారుచేసినవాడే తీసేశాడని తెలిస్తే, అందరికీ ఏం చెప్పను?"

మరి జాడీ ఎందుకని అడిగింది. అమ్మ తిడుతుంటే వాడు ఇంట్లో ఉన్నట్టే ఉంటుందని అతను చెప్పాడు. చెంచా తీసి, తుడిచి, దాని చోట పెట్టాడు.

ప్రణవి తన గదికి వెళ్ళి ఆ పాత బొమ్మను తెర మీదికి తెచ్చుకుంది. ఎన్నోసార్లు చదివిన పేజీయే. అడ్డగీత పొడుగు అంటే రెండు అర్థాలు చెప్పారు ఆ పండితులు. ఒకటి, గుణం ఎంతకాలం ఉంటుందో ఆ కాలం. రెండోది, ఆ గుణం ఉన్న వస్తువు పొడుగు. ఇనపకడ్డీ ఒక కొసన కాలితే, వేడి కడ్డీ పొడుగునా పాకుతుంది. కడ్డీ ఎంత పొడుగైతే వేడి అంత పలచనవుతుంది. రెండు అర్థాలూ అప్పట్లో ఆమె ఉదాత్త్‌కు చెప్పింది. ఇద్దరూ కాలాన్నే తీసుకున్నారు. కాలమైతే ఒక మనిషి చాలు, ఒక చెవి చాలు. రెండోదానికి పదిమంది ఒకచోట కూర్చోవాలి, ఒకరి భుజం మీద ఇంకొకరు పడాలి. దానికి యంత్రం ఎందుకు?

పూర్వం చావు ఇళ్ళలో జరిగింది అదేనని ఆమెకు ఇప్పుడు అనిపించింది. వచ్చినవాళ్ళంతా కడ్డీని పొడిగించేవాళ్ళు. సమశోకిని ప్రతి మనిషినీ కడ్డీ నుంచి కోసి విడిగా పెట్టింది. ఉదాత్త్ తనది ఆపేసుకున్నాడు గాని, వేడి పాకడానికి పక్కన ఎవరూ మిగలలేదు. ఆమె తెర ఆపి, వెళ్ళి పప్పుకు పోపు పెట్టింది.

భోజనాలకు కూర్చున్నాక సహస్రమ్మ మళ్ళీ జాడీ సంగతి ఎత్తుకుంది. పైపొర గీకి పారేశానని, మిగతాది బాగానే ఉందని, ఈసారి తడి చెంచా కనిపిస్తే జాడీ తన మంచం కింద పెట్టుకుంటానని అంది.

"నేనే పెట్టానమ్మా," అన్నాడు ఉదాత్త్.

సహస్రమ్మ తిట్టడానికి నోరు తెరిచి, కొడుకు ముఖం చూసి ఆగిపోయింది. అతను చెవి వెనక గింజను ఊడదీసి కంచం పక్కన పెట్టాడు. ఎప్పటి నుంచి ఆపేశాడో చెప్పాడు. ఇళ తండ్రిని చూస్తూ ఉండిపోయింది. చేతిలో ముద్ద చేతిలోనే ఉంది.

ప్రణవి అందరికీ మజ్జిగ పోసింది. కూర్చుంది.

"ఇవాళ నేను తీసేస్తున్నాను," అంది.

"అంతా ఒక్కసారే వస్తుందంటారు కదే," అంది సహస్రమ్మ.

"వస్తుంది అత్తయ్యా."

"ఎలా పడతావు మరి, ఒక్కదానివి?"

"ఒక్కదాన్నే పడను. మీరంతా దగ్గర ఉండాలి. నన్ను పట్టుకోవాలి. మీదీ తీసేయమని నేను అడగను."

"నాకు భయంగా ఉందమ్మా, నేను తీయను," అంది ఇళ.

"తీయకు. నా పక్కన కూర్చో, చాలు. నీ చేత్తో నా చెయ్యి పట్టుకో."

ఇళ తలూపింది. సహస్రమ్మ జాడీని దగ్గరికి లాక్కుని, ఎప్పుడూ మైత్రేయకు వేసేంత పెద్ద ముక్క తీసి కొడుకు కంచంలో వేసింది. ఉదాత్త్ ఆ ముక్క వైపు చూశాడు గాని ముట్టుకోలేకపోయాడు. ప్రణవి ఎడమ చెయ్యి అప్పటికే తన చెవి వెనకకు వెళ్ళి, ఆ గోరువెచ్చటి గింజ మీద ఆగి ఉంది. ఆ చెయ్యి దించి, అతని కంచంలో ఇంకో గరిటె అన్నం పెట్టింది.

"ముందు అందరూ కడుపునిండా తినండి," అంది. "తిన్నాక తీస్తాను. అది వచ్చేసరికి మన నలుగురిలోనూ బలం ఉండాలి."