రెండుసార్లు లాగిన తాడు

"ఈ ఏడాది ఈల్ చేపలు మరీ పల్చగా ఉన్నాయటగా?" అంది తలుపు వెనక గొంతు.

"నిప్పు మంచిదైతే పల్చటివీ రుచే" అన్నాడు కగెహిర.

తలుపు తెరుచుకుంది. ఆరేళ్ళుగా అదే తలుపు, అదే గొంతు, అదే కోడ్. బయట బోర్డు మీద 'సామాన్య వ్యవహారాలు, మూడో విభాగం' అని ఉంటుంది. ఇక్కడ గొడుగులూ చీపుర్లూ కొంటారని ఫ్యాక్టరీలో ఏడువేల మందీ నమ్ముతారు. నిజానికి అది హయాసే మోటార్స్ రహస్య విభాగం. కగెహిర జుంపే అందులో ఏజెంట్ నంబర్ తొమ్మిది.

లోపల చీఫ్ ఒనోదెరా ఉన్నాడు. ఎదురుగా ఉన్న ఒకే ఒక్క మెత్తటి కుర్చీలో ఏజెంట్ నంబర్ రెండు, మిబు, కాలు మీద కాలేసుకుని కూర్చున్నాడు. కొత్త సూటు. నవ్వితే సినిమా పోస్టరు. కగెహిరకి కడుపుమంట అక్కడే మొదలైంది.

"కోబాల్ట్" అన్నాడు ఒనోదెరా, ఫైలు తెరుస్తూ.

ఆ పేరు వినగానే కగెహిర నిటారుగా నిలబడ్డాడు. కోబాల్ట్ విదేశీ ముఠా. కార్ల కంపెనీల రహస్యాలు కొంటుంది. అమ్మనంటే ఆ కంపెనీ పేరే చెడగొడుతుంది.

"బుధవారం మధ్యాహ్నం ఒంటిగంటకి పదిహేను దేశాల విలేకరులొస్తున్నారు. తయారీ లైను మీదున్న బళ్ళలో వాళ్ళు ఏది చూపిస్తే అది అప్పటికప్పుడు దించి తొబి కనుమలో తోలి చూపించాలి. మూడో మలుపు దగ్గర దానికి బ్రేకులుండకూడదు. అదీ కోబాల్ట్ ప్లాను."

"ఎవరు చెప్పారు?"

"అసాబుకి గారు."

కడుపులో రెండో మంట. అసాబుకి రిత్సుకో కంపెనీ దుబాసి. కోబాల్ట్ లెక్కలో వాళ్ళ ఏజెంటు, మన లెక్కలో మన ఏజెంటు. అంటే డబుల్ ఏజెంట్. ఆమె నడిచివస్తే డ్రాయింగ్ ఆఫీసులో పెన్సిళ్ళు విరుగుతాయి. రెండేళ్ళుగా ఆమెతో సంప్రదింపులన్నీ మిబువే. సంప్రదింపులంటే కాఫీలు, పడవ షికార్లు, కచేరీలు. కగెహిర వాటిని లెక్కపెట్టాడు కూడా. పదిహేడు.

"బండి ఎవరు తోలతారు?"

"మిబు."

"మరి నేను?"

"లైను మీదకి వెళ్ళు. నలభై ఒకటో స్టేషను, బ్రేక్ పైపు నట్లు. ద్రోహి పనివాళ్ళలోనే ఉన్నాడని అసాబుకి గారి సమాచారం. మారువేషంలో ఉండి పట్టుకో."

"నీకు అలవాటైన పనేగా" అన్నాడు మిబు. "ఊరికే కూర్చుంటే చేతులు తుప్పు పడతాయి."

"కెమెరాల ముందు మీరు, గ్రీజులో నేను. బానే ఉంది పంపకం."

"కుళ్ళుకోకోయ్. కుళ్ళుకుంటే జుట్టు రాలుతుంది."

కగెహిర తల తడుముకోబోయి ఆగాడు. అప్పటికే రాలుతోంది మరి.

హయాసే గేటు దగ్గర గాజు పెట్టెలో ఓ మూడు చక్రాల బండి ఉంటుంది. ఏ కంపెనీ అయినా గెలిచిన బండిని ముందు నిలబెడుతుంది. ముసలి హయాసే మాత్రం ఓడిన బండిని నిలబెట్టాడు. యుద్ధం ముగిశాక సైనికుల ఇనుప టోపీలు కరిగించి వంటపాత్రలు పోసిన మనిషి ఆయన, ఆ డబ్బుతో బళ్ళు మొదలెట్టాడు. తొలి బళ్ళలో ఒకదానికి నడిబజార్లో ముందు చక్రం ఊడింది. ముసలాయన ఆ బజార్లోనే మోకాళ్ళ మీద కూర్చుని నుదురు నేలకి ఆనించాడు. అమ్మిన నలభై బళ్ళూ వెనక్కి తెప్పించి, అది తప్ప అన్నిటినీ తనే సుత్తితో పగలగొట్టాడు. మర్నాడు లైను పొడుగునా, తల పైన, ఓ తెల్ల తాడు కట్టించాడు.

"బండిలో దోషం కనిపిస్తే తాడు లాగు. లైనంతా ఆగుతుంది. ఆగితే నష్టం నాది. లాగకపోతే తప్పు నీది" అన్నాడు.

అప్పట్నుంచి అక్కడ తాడు లాగినవాణ్ణి ఎవరూ తిట్టరు. మేస్త్రీ పరిగెత్తుకొచ్చి ముందు దణ్ణం పెడతాడు, తర్వాతే ఏమైందని అడుగుతాడు. ఇరవై ఏళ్ళు తిరిగేసరికి హయాసే అంటే 'ఆగని బండి' అని పేరొచ్చింది.

చక్రం ఊడిన రోజు ఆ బండి తోలుతున్నది కగెహిర తండ్రి. చనిపోయేదాకా కుంటుతూనే నడిచాడు. కుంటుతూనే కొడుకుని తీసుకొచ్చి అదే కంపెనీలో చేర్పించాడు. కగెహిర ఏజెంటు కాకముందు పదకొండేళ్ళు ఆ తాడు కింద పనిచేశాడు.

మారువేషం అంటే నల్ల ఫ్రేము కళ్ళద్దాలు, బుగ్గ మీద పుట్టుమచ్చ. ఆయుధం అన్నం డబ్బా. మెతుకుల మధ్య ఊరబెట్టిన ఎర్ర ప్లమ్ పండుని నొక్కితే లోపలి కెమెరా ఫోటో తీస్తుంది. అయిదు రోజులు నట్లు బిగిస్తూ, పండు నొక్కుతూ పనివాళ్ళని గమనించాడు. గమనించాడని రిపోర్టులో రాశాడు గానీ, ముప్పై ఆరు ఫోటోల్లో ముప్పై మిబూ రిత్సుకోలవే. క్యాంటీను కిటికీ దగ్గర ఇద్దరూ, మెట్ల మీద ఇద్దరూ. ఒకదాంట్లో మిబు ఆమె చేతికి ఓ కవరు ఇస్తున్నాడు.

ద్రోహి దొరికాడు! కగెహిర ఉప్పొంగిపోయాడు. ద్రోహి మిబూయే కావాలని అతని మనసు ఎంత కోరుకుందో చెప్పలేను. పరుగున చీఫ్ దగ్గరికి వెళ్ళాడు.

ఒనోదెరా ఫోటో చూశాడు. అద్దాలు తీసి తుడుచుకుని మళ్ళీ చూశాడు.

"అవి కచేరీ టికెట్లయ్యా. కొనిపెట్టింది నేనే."

"కానీ చీఫ్..."

"నిన్ను పంపింది లైనుని చూడమని. వాళ్ళని చూసి కళ్ళల్లో నిప్పులు పోసుకోమని కాదు. పో."

బుధవారం వచ్చింది. పన్నెండింటికి గంట మోగి లైను ఆగింది, అందరూ భోజనాలకి వెళ్ళారు. కగెహిర డబ్బా పట్టుకుని స్తంభం వెనక కూర్చున్నాడు.

రిత్సుకో ఒక్కతే లోపలికి వచ్చింది. లేత పసుపు సూటు, చేతిలో లిప్‌స్టిక్. విలేకరులు నిలబడే చోటు చూసుకుంటున్నట్టు నలభై మూడో స్టేషనులో ఉన్న ఎర్ర సెకిరే పక్కన ఆగింది. సెకిరే కంపెనీ కొత్త మోడలు, అందరూ ఎదురుచూస్తున్నది.

ఒక్కతీ ఎందుకొచ్చింది? వీడెక్కడో ఉండే ఉంటాడు! కగెహిర డబ్బా వదిలేసి మిబు కోసం స్టోరు రూములో, పెయింటు షెడ్డులో, చివరికి మరుగుదొడ్డి వెనక కూడా వెతికాడు. మిబు ఎక్కడా లేడు. తిరిగి వచ్చేసరికి రిత్సుకో జేబురుమాలుతో వేళ్ళు తుడుచుకుంటోంది.

"కొత్తాయనా" అంది నవ్వుతూ, "అన్నం చల్లారిపోతోంది."

పేరు పెట్టి పిలవలేదు. మారువేషం అంత బాగా కుదిరిందని కగెహిర మురిసిపోయాడు. కుళ్ళుబోతు బుర్రకి మురిపెం కూడా తోడైతే ఇంకేం కనబడుతుంది?

ఒంటిగంటకి విలేకరులు వచ్చారు. ఒనోదెరా వచ్చాడు. లైను చివర, ముప్పై అడుగుల దూరంలో, మిబు తెల్ల గ్లవ్సు తొడుక్కుంటున్నాడు. రిత్సుకో అతిథులని సరిగ్గా ఎర్ర బండి దగ్గర నిలబెట్టింది. ఎర్రది కళ్ళెదురుగా ఉంటే తెల్లది ఎవరడుగుతారు? అందరూ దాన్నే చూపించారు.

లైను కదిలింది. ఎర్ర సెకిరే మెల్లిగా రిత్సుకో ముందు నుంచి వెళ్తోంది. దాని ముక్కు మీది పేరు బిళ్ళ ఓ పక్కకి ఒరిగి ఉంది. గోరంత వంకర.

రిత్సుకో చెయ్యి పైకి లేచింది. తాడు లాగింది.

గంట గణగణమంది. పసుపు దీపం వెలిగింది. లైనంతా ఆగిపోయింది.

హయాసేలో దుబాసీ అయినా, అకౌంటెంటైనా మొదటి ఆరు నెలలు లైను మీద పనిచేయాల్సిందే. రిత్సుకో ఆ ఆరు నెలలూ పేరు బిళ్ళలే బిగించింది. ఇప్పుడు తను చేసిన పనికి తనే బిత్తరపోయి చేతిని చూసుకుంటోంది.

మేస్త్రీ గొందా పరిగెత్తుకొచ్చి నడుం వంచాడు. "చాలా సంతోషం అమ్మా! నా కళ్ళకి ఆనలేదు. ఏయ్ పుట్టుమచ్చ, నువ్వో చెయ్యి వెయ్యి. అన్నట్టు ఆ మచ్చ నిన్న ఎడం బుగ్గ మీద కదా ఉంది?"

కగెహిర గతుక్కుమని, వంగి బిళ్ళ స్క్రూ విప్పాడు. అది జారి బండి కిందికి దొర్లింది. తీద్దామని నేలకి వంగాడు.

బండి కింద ఓ తడి చుక్క ఉంది. ఇంకోటి పడింది. బ్రేక్ ఆయిలు వాసన. పైకి చూస్తే పైపు నట్టు రెండు చుట్లు వదులైంది. పొద్దున తన చేత్తో బిగించిన నట్టు.

తల ఎత్తాడు. రిత్సుకో ముఖం సున్నంలా తెల్లబోయి ఉంది. తాడు లాగినవాళ్ళ ముఖం అలా ఉండదు. పదిహేడు షికార్ల పొడుగునా దూరం నుంచి చూసిన ముఖం అది, అందులో ప్రతి గీతా అతనికి తెలుసు. జేబురుమాలు, లిప్‌స్టిక్, ఖాళీ లైను, అన్నీ ఒక్కసారి అర్థమయ్యాయి. ద్రోహి పనివాళ్ళలో ఉన్నాడని ఆమె చెప్పింది అందరి చూపూ అటు మళ్ళించడానికే.

ఆమె అతని పక్కన వంగింది, స్క్రూ వెతుకుతున్నట్టు.

"జుంపే గారూ" అంది చాలా మెల్లిగా. పేరు పెట్టి. "మిమ్మల్ని ఇక్కడెవరూ సరిగ్గా చూడలేదు. మిబు గారి నీడలో పడి ఉన్నారు. ఈ ఆదివారం ఈల్ తిందాం రండి. మనిద్దరమే."

రెండేళ్ళుగా ఆ మాట కోసమే చచ్చాడు. నోరు మూసుకుంటే చాలు. మూడో మలుపు దాటాక మిబు ఉండడు, మెత్తటి కుర్చీ ఖాళీ, ఎదురుగా రిత్సుకో. నిజం చెప్పాలంటే కగెహిర నోరు మూసుకునే ఉన్నాడు. వేళ్ళు స్క్రూ వెతికి తీసి బిళ్ళని సరిగ్గా బిగించాయి. గొందా మీట నొక్కాడు. లైను కదిలింది.

బండి లైను చివరికి చేరింది. మిబు తలుపు తీసి సీట్లో కూర్చుని, ఎవరో కెమెరా ఎత్తితే పళ్ళు బయటపెట్టాడు. వెధవకి ఎంత అందమైన పళ్ళు! తాళం తిప్పాడు. ఇంజను పలికింది.

గాజు పెట్టెలోని బండి గుర్తొచ్చింది కగెహిరకి. తలుపు దగ్గర చెప్పులు విడుస్తూ కుంటికాలిని చేత్తో ఎత్తుకునే తండ్రి గుర్తొచ్చాడు. చెయ్యి పైకి లేచింది.

గణగణమని మళ్ళీ గంట.

"దిగవోయ్!" అని గొంతు చించుకున్నాడు కగెహిర. "దిగు! బ్రేకుల్లేవు!"

మిబు ఇంజను ఆపేశాడు. ఆపాక గానీ ఎందుకని అడగలేదు. ఆ కంపెనీలో తాడు మోగితే ఎవరైనా అంతే. గొందా పరిగెత్తుకొచ్చి నడుం వంచి, "చాలా సంతోషం. ఏమైంది?" అన్నాడు.

రిత్సుకో పారిపోలేదు. కగెహిర వేలు పెట్టి చూపించాక ఒనోదెరా లిప్‌స్టిక్ అడిగితే ఇచ్చేసింది. మూత తిప్పితే లోపల్నుంచి చిన్న పానా బయటికొచ్చింది, బ్రేక్ నట్టుకి సరిగ్గా సరిపోయే సైజు.

"అంతా బాగానే చేశాను" అందామె, తన చేతినే చూసుకుంటూ. "కానీ ఆ బిళ్ళ వంకరగా ఉంటే చూస్తూ ఊరుకోలేకపోయాను."

నట్టు బిగించి, బండంతా మళ్ళీ తనిఖీ చేసి, గంట ఆలస్యంగా అదే ఎర్ర సెకిరేని మిబు కనుమలో తోలాడు. మూడో మలుపులో చక్కగా బ్రేకు పడింది. పదిహేను దేశాల పత్రికల్లో అతని పళ్ళు అచ్చయ్యాయి. కష్టం ఒకడిది, ఫోటో ఇంకొకడిది.

కగెహిరకి దక్కింది కంపెనీ ఆనవాయితీ బహుమతి. నెలలో అన్నిటికంటే పెద్ద దోషం పట్టి తాడు లాగిన మనిషికి ఈల్ భోజనం, ఇద్దరికి. తోడు రావలసిన మనిషి పోలీసుల దగ్గర ఉంది కాబట్టి ఆదివారం మధ్యాహ్నం మిబునే తీసుకెళ్ళాడు.

మిబు తినే పుల్లలు చేతిలోకి తీసుకుని మళ్ళీ కింద పెట్టాడు. "నా ప్రాణం కాపాడావు. ఆ రుణం ఉంది. కానీ ఒకటడుగుతాను, నిజం చెప్పు. తనే నిన్ను భోజనానికి పిలిచిందట?"

"పిలిచింది."

"తనంతట తనే?"

"మనిద్దరమే అంది."

మిబు ముఖం మాడిపోయింది. "రెండేళ్ళు. టికెట్లన్నీ నేనే, కాఫీలన్నీ నేనే. నన్ను ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి పిలవలేదు. నీలో ఏం చూసిందోయ్?"

"ఏమో" అన్నాడు కగెహిర, పెద్ద ముక్క తన వైపు లాక్కుంటూ. "కుళ్ళుకోకోయ్. జుట్టు రాలుతుంది."

మికావా ప్రాంతం మొత్తంలో అంత రుచైన ఈల్ ఇంకెప్పుడూ తినలేదని కగెహిర ఇప్పటికీ వాదిస్తాడు. ఆ పూట వంటవాడు దాన్ని బొగ్గులా మాడ్చేశాడని మిబు ఎన్నిసార్లు చెప్పినా నమ్మడు.